ముగించిన బొంతలు, మిగిలిన బొంత

(సంఘం వార్షికోత్సవ సందర్భంగా నల్లచెరువులో జరిగిన మహిళా సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన సంవత్సరం ఇదే సమావేశంలో, ఇంట్లో సగంలో ఆగిన పనుల గురించి మాట వచ్చింది. నేను తొందరపడి లేచి, నా దగ్గర ఐదు బొంతలు సగంలో ఉన్నాయనీ, వచ్చే సభనాటికి అన్నీ ముగిస్తాననీ అందరి ముందూ మాట ఇచ్చేశాను. ఆ మాట నేను మరిచినా మీరు మరవలేదు. బస్టాండులో కనపడినా, పెళ్లి పందిట్లో కనపడినా, "ఏమక్కా, బొంతలు యాడికొచ్చినాయి?" అని అడుగుతూనే వచ్చారు. ఇందాక కోశాధికారిగారు సంఘం జమాఖర్చులు చదివారు. నేనూ నా జమాఖర్చు అప్పజెప్పాలి గదా. ఐదింట్లో మూడు ముగిశాయి. ఒకటి మానుకున్నాను. ఒకటి మిగిలింది.

బొంత కుట్టడం నాకు బతుకుతెరువు కాదు, సరదా. అయితే ఆ సరదా గాలికి వచ్చింది కాదు. మా తాతది దూదేకే వృత్తి. పెద్ద విల్లును దూది మీద ఆనించి, దాని నరాన్ని కొయ్యతో కొడుతూ ఉంటే, గింజ తీసిన దూది విడివిడిగా పొంగి మబ్బులా లేచేది. దూది ఏకేవాళ్లు గనక దూదేకులవాళ్లన్నారు. తరవాత మరలు వచ్చాయి, విల్లు అటకెక్కింది. తాత ఊరందరికీ పరుపులూ మెత్తలూ చేసి ఇచ్చినా, మా ఇంట్లో మేం కప్పుకున్నది మాత్రం అవ్వ కుట్టిన పాతచీరల బొంతే.

ఈ కాలపు పిల్లల కోసం ఆ పని ఎట్లా ఉంటుందో రెండు మాటల్లో చెబుతాను. ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీరలు, పంచెలు కావాలి. చాప మీద ఒకదానిపై ఒకటి నాలుగైదు పొరలు ముడత లేకుండా పరచాలి. మూలలకు బరువు పెట్టాలి. పొరలు కదలకుండా ముందు దూరం దూరంగా కచ్చాకుట్టు వేసుకోవాలి. ఆ తరవాత ఒక అంచు నుంచి మొదలుపెట్టి, సూదిని కిందికీ పైకీ దూర్చుకుంటూ వరసలు వరసలుగా బొంత అంతా నింపాలి. చివరికి చుట్టూ పట్టీ వేసి మూలలు మూయాలి. మా పక్క ఈ పనికి ఎండాకాలమే అనువు. శెనక్కాయల పనులు అయిపోయి ఉంటాయి, చేతులు ఖాళీగా ఉంటాయి, ఉతికిన గుడ్డ గంటలో ఆరుతుంది. వానలు పడి విత్తనాల రోజులొస్తే బొంత మూటలోకి పోతుంది. అట్లా మూటలోకి పోయినవే నా ఐదు బొంతలు.

మొదటిది పెద్దకూతురి పెళ్లికని మొదలుపెట్టింది. పెళ్లి అయింది, ఇద్దరు బిడ్డలూ పుట్టారు, బొంత మాత్రం పుట్టలేదు. ఎందుకు ఆగిందో చూస్తే నవ్వొచ్చింది. కుట్టంతా అయిపోయింది, అంచుపట్టీ ఒక్కటే మిగిలింది. నాలుగు మధ్యాహ్నాల పని నాలుగైదేళ్లు ఆగింది. దాన్ని మార్చి నెలలో ముగించి పంపాను. చిన్న మనవడు ఇప్పుడు దానిమీదే పొర్లుతున్నాడు.

రెండోది చతురపు ముక్కల బొంత. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ ముక్కలు కత్తిరించి, మంచమంత బొంత చేయాలని ఆశపడ్డాను. మూడువందల ముక్కలు కావాలి, నూరు అతికేసరికే విసుగొచ్చింది. ఈ ఏడు నా ఆశనే కత్తిరించాను. ఆ నూరు ముక్కలకే అడుగు పొరలు వేసి చంటిబిడ్డ బొంతగా ముగించాను. ఒక మాట జ్ఞాపకం పెట్టుకోండి: కొత్త ఎర్రగుడ్డ కలిపేటప్పుడు ముందే ఉతకండి. ఉతకకపోతే మొదటి తడుపులోనే రంగు పక్క ముక్కలకు ఎక్కుతుంది, గుడ్డ కుదించుకుని బొంత అంతా ముడతలు పడుతుంది. ఇది అనుభవం మీద చెబుతున్న మాట.

మూడోది మానుకున్నది. చూపుకు మెరుస్తున్నాయని పాలియెస్టర్ చీరలతో మొదలుపెట్టాను. పొరలు జారిపోతాయి, కుట్టు నిలవదు, చెమట పీల్చదు. కుట్లు విప్పి, గట్టి ముక్కలతో సంచులు కుట్టేశాను. దాన్ని ముగించలేదని ఇన్నేళ్లు బాధపడ్డాను గానీ, మానుకున్న రోజు మనసు తేలికపడింది. ముగించే బొంతేదో, విడిచిపెట్టే బొంతేదో తెలుసుకోవడం కూడా పనిలో భాగమే.

నాలుగోది అమ్మ బొంత. ఈ ప్రసంగానికి ఒప్పుకున్నదే దాని గురించి చెప్పడానికి.

నాయన పోయిన తరవాత అమ్మ ఆయన పంచెలు రెండు అడుగున వేసి, తన చీరలు పైన పరిచి ఒక బొంత మొదలుపెట్టింది. సగం అయ్యేసరికి మంచాన పడింది. ఆఖరి నాలుగు నెలలూ తమ్ముడే దగ్గరుండి చూసుకున్నాడు, రాత్రిళ్లు వాడే మేలుకున్నాడు. అమ్మ పోయాక ఆ బొంత వాడు ఉంచుకుంటానన్నాడు. "ఉండరా, ముగించి మూడు నెలల్లో ఇస్తా" అని నేను తెచ్చుకున్నాను. అది పదకొండేళ్ల కిందటి మాట. మొదట్లో ప్రతి పండక్కీ అడిగేవాడు. ఆ తరవాత అడగడం మానేశాడు. అడిగినప్పుడు లేని భయం, మానేసినప్పుడు పట్టుకుంది.

సోమరితనం వల్ల ఆపలేదు. బొంత విప్పితే అమ్మ ఆపిన చోట సూది అట్లాగే గుచ్చి ఉంటుంది. అది తీసి నా చేత్తో కుట్టు మొదలుపెడితే అమ్మ పని అక్కడితో అయిపోయినట్టే గదా అనిపించేది. మళ్లీ మడిచి, వేపాకు వేసి ట్రంకుపెట్టెలో పెట్టేదాన్ని. ఈ ఏప్రిల్‌లో తీసి చూస్తే సూది తుప్పు పట్టి చుట్టూ మరక పడింది. మడతల దగ్గర గుడ్డ పిగిలింది, ఒక మూల పురుగు కొట్టింది. అదే అమ్మ కుట్టిన పాత బొంతలు, రోజూ కప్పుకుని, ఉతికి, ఎండేసినవి, ఇంకా గట్టిగానే ఉన్నాయి. భద్రంగా దాచిందే పాడైంది.

ఆ రోజుల్లోనే చిన్నకూతురు ఫోనులో ఒక బొంత బొమ్మ చూపించింది. అమెరికాలో అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అనే నల్లవారి పల్లె ఉంది. అక్కడ మిస్సోరీ పెట్‌వే అనే ఆమె, భర్త పోయాక ఆయన పొలానికి వేసుకున్న బట్టలతోనే 1942లో బొంత కుట్టింది. మాసిన ముక్కలు, మోకాళ్ల దగ్గర అరిగిన ముక్కలు అట్లాగే కనపడతాయి. దాచుకోవడానికి కాదు, కప్పుకోవడానికే కుట్టుకుంది. ఆ పల్లె ఆడవాళ్ల బొంతలను 2002లో హ్యూస్టన్ నగరపు మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టారు, 2006లో వాటి బొమ్మలతో తపాలా బిళ్లలు కూడా వేశారు. అంత దూరంలో ఉన్న ఆమెకూ, నల్లచెరువులో మా అమ్మకూ ఒకే ఆలోచన వచ్చిందే అని కాసేపు అట్లాగే కూర్చుండిపోయాను.

మరుసటి రోజు సూది తీశాను. పిగిలిన చోట్ల నా పాత నూలు చీర ముక్కలు అతికాను. అమ్మ కుట్టు బియ్యపుగింజంత ఉంటుంది, నాది చింతగింజంత. అమ్మ కుట్టుతో కలపాలని రెండుసార్లు కుట్టి రెండుసార్లు విప్పాను. కూతురు చూసి, "అవ్వ కుట్టు అవ్వది, నీ కుట్టు నీది. కలిసిపోవాలని ఎవరన్నారు?" అంది. ఆ తరవాత నా చేతికి వచ్చినట్టే కుట్టుకుపోయాను. రోజుకు రెండే వరసలు, జొహర్ నమాజు తరవాత. జూలైలో ముగిసింది.

మూలల గురించి ఒక మాట. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా అడవుల పక్కన సిద్దీలని ఉన్నారు. వారి పూర్వీకులు ఆఫ్రికా నుంచి వచ్చినవారు. వారిలో ముస్లిములూ, క్రైస్తవులూ, హిందువులూ ఉన్నారు, అందరూ పాతబట్టలతో బొంతలు కుడతారు. చివర నాలుగు మూలలకూ గుడ్డను ముక్కోణంగా మడిచి పువ్వులు పెడతారు. పువ్వు లేని బొంత వారి లెక్కలో ముగిసినట్టు కాదు. నేనూ అమ్మ బొంతకు నాలుగు మూలలా నాయన పంచె అంచుతో అట్లాంటి పువ్వులు పెట్టాను.

తమ్ముడి ఇంటికి నేనే తీసుకుపోయాను. ఏమంటాడో అని దారంతా గుండె దడదడలాడింది. వాడు పదకొండేళ్ల మాట ఎత్తలేదు. బొంత విప్పి, "అమ్మ కుట్టు ఏ పక్కదక్కా?" అన్నాడు. చూపించాను. వేలితో ఆ వరసలు తడుముకుంటూ చాలాసేపు కూర్చున్నాడు. "రాత్రి ఉండిపో" అన్నాడు. ఉండిపోయాను.

ఐదోది మిగిలింది. నా పాత చీరలతో మొదలుపెట్టింది, పది వరసలు పడ్డాయి. ఈసారి గడువు చెప్పి మాట ఇవ్వను. ఒకవేళ సగంలో ఆగితే, పెట్టెలో దాచకుండా సూది తీసుకుని కుట్టమని కూతుళ్లకు ఇప్పుడే చెప్పి ఉంచాను.

అక్కచెల్లెళ్లారా, మీ పెట్టెల్లోనూ ఇట్లాంటి మూటలు ఉండే ఉంటాయి. బొంతే కానక్కర్లేదు. ఎవరికైనా ఇస్తానన్నది, ఇయ్యకుండా ఆపింది ఉంటే ఈ వారంలో ఒకసారి విప్పి ఎండలో వేయండి. ఎంత పని మిగిలిందో అప్పుడు తెలుస్తుంది. మనం భయపడినంత ఉండదు.