అద్దె ఇల్లు కొనేముందు అప్పు లెక్క



ఈ ఆక్లాండ్ సిటీ సెంటర్‌లో మనం సెంట్రింగ్ కొట్టాం, స్లాబులు పోశాం, అపార్టుమెంట్లు నిలబెట్టాం. కట్టినవాడికి అందులో ఒకటి కొనుక్కోవాలని ఉండటం తప్పేమీ కాదు. స్మోకో టైములో అందరం అనుకునే మాటే, "కొని అద్దెకిస్తే చాలు, అద్దే మార్ట్‌గేజ్ కట్టేస్తుంది" అని. ఆ మాట ఎంతవరకు నిజమో ఈరోజు లెక్క వేసి చూద్దాం.

ముందుగా, ఎవరు కొనొచ్చు? 2018 అక్టోబరు 22 నుంచి వర్క్ వీసా మీద ఉన్నవాళ్లు ఇక్కడి ఇళ్లు మామూలుగా కొనలేరు. రెసిడెంట్ వీసా ఉండి, గత ఏడాదంతా ఇక్కడే కాపురం ఉండి, అందులో కనీసం 183 రోజులు దేశంలో ఉండి, ఇక్కడి పన్ను లెక్కలో ఉన్నవాళ్లకు వీలుంది. వీసా రాలేదని ఇంకొకరి పేరు మీద కొనే పని మాత్రం పెట్టుకోకండి. డబ్బు మనది, కాగితం వాళ్లది అవుతుంది. పైగా చట్టం ముందు నిలబడాల్సి వస్తుంది.

రెండోది డిపాజిట్. అద్దెకిచ్చే ఇల్లయితే బ్యాంకు సుమారు 30 శాతం మన సొమ్ము అడుగుతుంది. కివీసేవర్ డబ్బు మొదటి ఇంటికి, అదీ మనం ఉండబోయే ఇంటికే తీయనిస్తారు, అద్దె ఇంటికి కాదు. ఇక్కడే మనవాళ్లు ఊరికి ఫోన్ చేస్తారు.

మాతో పని చేసిన ఒక తమ్ముడి సంగతి చెప్తాం. 2021లో వడ్డీలు బాగా తక్కువ. ఏడాది ఫిక్స్‌డ్ రేటు రెండున్నర శాతం చుట్టూ ఉండేది. సిటీలో ఒక బెడ్‌రూమ్ అపార్టుమెంట్ చూశాడు. డిపాజిట్‌కి 40,000 డాలర్లు తక్కువైతే, అమ్మ బంగారం, పొలం కాగితాలు పెట్టి ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడు. రెండు రూపాయలంటే చిన్నగా వినపడుతుంది. ఏడాదికి 24 శాతం! ఆ 40,000 మీద వారానికి 185 డాలర్ల వడ్డీ. తర్వాత ఫిక్స్‌డ్ గడువు అయిపోయింది. 2023కి రేటు 7 శాతం దాటింది. మూడున్నర లక్షల అప్పు మీద వారానికి 170 డాలర్లున్న వడ్డీ 470 అయింది. అదే సమయంలో ఓవర్‌టైమ్ ఆగింది, అద్దెకున్నవాళ్లు ఖాళీ చేశారు. చివరికి నష్టానికి అమ్మేశాడు. ఇల్లు పోయింది, ఊళ్లో అప్పు మాత్రం ఇంకా కడుతూనే ఉన్నాడు. ఆరోజు "తీసుకోరా, ఏం కాదు" అన్నవాళ్లలో మేమూ ఉన్నాం. అందుకే ఈరోజు ఇది చెప్పాల్సిన బాధ్యత మాది.

ఇప్పుడు ఒక ఉదాహరణ లెక్క చూడండి. ధర 5 లక్షల డాలర్లు, అప్పు మూడున్నర లక్షలు. అద్దె వారానికి 550. ఏడాదిలో రెండు వారాలు ఖాళీ అనుకుంటే 27,500 వస్తుంది. ఆరు శాతం చొప్పున వడ్డీ 21,000. బాడీ కార్పొరేట్ 6,000, కౌన్సిల్ రేట్స్ 2,000, మేనేజ్‌మెంటు, రిపేర్లు 3,500. మొత్తం ఖర్చు 32,500. అంటే అసలులో ఒక్క డాలర్ తీర్చకుండానే వారానికి దాదాపు 100 మన జీతంలోంచి పోతుంది. వడ్డీ ఎనిమిదైతే 230 పోతుంది. "నష్టం వస్తే జీతం మీద పన్ను తగ్గుతుందిలే" అనుకోవద్దు. 2019 ఏప్రిల్ నుంచి అద్దె నష్టాన్ని జీతంలో సర్దుకోవడానికి లేదు. 2025 ఏప్రిల్ 1 నుంచి వడ్డీ మొత్తాన్ని అద్దె ఆదాయంలోంచి మినహాయించుకోవచ్చు, అంతవరకే.

సిటీ సెంటర్‌లో ఇంకో మూడు విషయాలు అడగాలి. ధర మరీ తక్కువ కనిపిస్తే, భూమి ఎవరిది? లీజ్‌హోల్డ్ అయితే భూమి అద్దె వేరే కట్టాలి, రివ్యూ వచ్చినప్పుడు అది ఒక్కసారిగా పెరగొచ్చు. ఫ్లాట్ మరీ చిన్నదా? అలాంటివాటికి బ్యాంకులు ఎక్కువ డిపాజిట్ అడుగుతాయి, రేపు మన దగ్గర కొనేవాడికీ అదే ఇబ్బంది. బిల్డింగ్ 1990ల నుంచి 2000ల మధ్య దాకా కట్టినదా? నీళ్లు కారే గోడల బెడద ఆ కాలంవాటిలోనే ఎక్కువ. బాడీ కార్పొరేట్ మీటింగ్ మినిట్స్ లాయర్‌తో చదివించకుండా సంతకం పెట్టకండి.

అప్పే వద్దని మేము అనడం లేదు. అప్పు సెంట్రింగ్ లాంటిది. స్లాబు గట్టిపడేదాకా మోయాలి, జాకీలు సరిపడా ఉండాలి. కాబట్టి నాలుగు మాటలు గుర్తుపెట్టుకుందాం. ఇప్పటి రేటుకు రెండు శాతం కలిపి, ఓవర్‌టైమ్ తీసేసి, మామూలు జీతంతో కట్టగలమా చూసుకోవాలి. ఆరు నెలల వాయిదాలు చేతిలో ఉంచుకోవాలి. అప్పంతా ఒకే గడువుకు కాకుండా రెండు మూడు ముక్కలుగా ఫిక్స్ చేస్తే, రేటు పెరిగినా అంతా ఒకేసారి మీద పడదు. డిపాజిట్ కోసం మాత్రం ఊళ్లో వడ్డీకి తేవద్దు. ఇంకో రెండేళ్లు ఆగినా పరవాలేదు.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు సిగ్గుపడి దాచుకోవద్దు. వాయిదా తప్పకముందే బ్యాంకుతో మాట్లాడండి. మనీటాక్స్ వాళ్లు 0800 345 123లో ఉచితంగా సలహా ఇస్తారు, విషయం బయటికి పోనివ్వరు. ఫోన్ చేయడానికి ఇంగ్లీషు ఇబ్బందైతే మాలో ఎవరినైనా పిలవండి, పక్కన కూర్చుంటాం. ఈసారి "ఏం కాదు" అనం, లెక్క కాగితం ముందు పెట్టుకునే మాట్లాడతాం.