మురుగుకాలవకు వదిలేస్తున్న ఎరువు

పట్టాలు అందుకున్న మత్స్యశాస్త్ర విద్యార్థులారా, వెనక వరుసల్లో కూర్చున్న మీ అమ్మానాన్నల్లో చెరువు రైతులూ, వరి రైతులూ ఉండే ఉంటారు. అందుకని గట్టు మీది మాటే మాట్లాడతాను.

కైకలూరు, ఆకివీడు వైపు చేపల పట్టుబడికి ముందు ఏ చెరువు దగ్గరికైనా వెళ్ళండి. డీజిల్ ఇంజను దడదడలాడుతూ పచ్చటి నీళ్ళను మురుగుకాలవలోకి తోడేస్తుంటుంది. గట్టుకు అవతల వరిచేలో ఒకాయన యూరియా చల్లుతుంటాడు. కాలవలో పడ్డ ఆ నీరు కొల్లేరు చేరి, ఉప్పుటేరు మీదుగా సముద్రంలో కలుస్తుంది.

ఆ పచ్చదనం విలువెంతో ఒకసారి లెక్కేద్దాం. 28 శాతం మాంసకృత్తులున్న మేత ఒక టన్ను వేస్తే, అందులో దాదాపు 45 కిలోల నత్రజని ఉంటుంది. చేప ఒంటబట్టేది మూడో వంతు అనుకున్నా, మిగతా 30 కిలోలు చెరువులోనే ఉండిపోతాయి. యూరియాలో చెప్పాలంటే ఒకటిన్నర బస్తాకు దగ్గర. ఈ నీటిని వరిచేలోకి మళ్ళించినా, అదంతా పైరుకు అందదు లెండి. కొంత అడుగు బురదలో దిగుతుంది, కొంత గాల్లో కలిసిపోతుంది. అయినా పారబోసేంత తక్కువేం కాదు.

ఇది కొత్త ఆలోచనేం కాదు. కోల్‌కతాకు తూర్పున భేరీలని పిలిచే చేపల చెరువుల్లో నగరపు మురుగునీటితోనే చేపలు పెంచి, చెరువులు దాటి వచ్చిన నీటిని వరిచేలకు పెడతారు. ధ్రువజ్యోతి ఘోష్ అనే ఇంజనీరు ఆ పద్ధతిని పట్టుబట్టి లోకానికి చెప్పాడు. ఆ చిత్తడి నేలలూ, మన కొల్లేరూ 2002లోనే అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కాయి.

అలాగని కనపడ్డ ప్రతి చెరువు నీరూ చేలోకి మళ్ళించమని చెప్పకండి. రొయ్యల చెరువు నీరు పెడితే చేను చౌడు తేలుతుంది, ఆ రైతు శాపనార్థాలు మీకే తగులుతాయి. ముందు ఉప్పు కొలవండి. వరికి పెట్టే నీటిలో విద్యుత్ వాహకత మీటరుకు 2 డెసీసీమెన్లు దాటితే దిగుబడి దెబ్బతినడం మొదలవుతుంది. మంచినీటి చేపల చెరువే అయినా, పొట్టదశలో నత్రజని ఎక్కువైతే పైరు పడిపోతుంది, అగ్గితెగులు, దోమ వెంటే వస్తాయి. ఈ నీరు పెట్టినప్పుడు యూరియా తగ్గించాలని రైతుకు గట్టిగా చెప్పాలి. డ్రిప్పుకు ఇస్తే నాచు గొట్టాల్లో అడ్డుపడుతుంది, ఇసుక ఫిల్టరు తప్పనిసరి. పచ్చిగా తినే ఆకుకూరల జోలికి పోవద్దు.

ఇవన్నీ మీకు పాఠాల్లో వచ్చినవే. నా మటుకు, అసలు చిక్కు వేరే ఉంది. చెరువు ఒకరి లీజులో, చేను ఇంకొకరి కౌలులో ఉంటాయి. పట్టుబడి తేదీ కొనేవాడి లారీని బట్టి కుదురుతుంది, నీటి అవసరం పైరును బట్టి వస్తుంది. కాబట్టి పట్టుబడికి రెండు వారాల ముందే ఇద్దర్నీ ఒక గట్టు మీద కూర్చోబెట్టండి. కొంచెం కొంచెంగా తోడటానికి చెరువు రైతు ఒప్పుకోవాలి, బోదె తవ్వడానికి చేను రైతు రావాలి. ఇంజనుకు డీజిలు ఎవరు పోస్తారన్న దగ్గర మాట పెరుగుతుంది. అప్పుడు ఇందాకటి నత్రజని లెక్క కాగితం మీద వేసి ఇద్దరికీ చూపించండి.