నేల క్రింది గ్యాసు - నేల మీది ఊరు

మారేడ్‌పల్లిలో మేము కాపురముండు వీధిలో ఇంచుమించు ఇంటింటికిని ఒక బోరుబావి కలదు. కొన్ని ఏండ్ల క్రిందట ఒక వేసవిలో మా బావిలో నీరు తగ్గిపోయినది. ఇంకను లోతుగా వేయింతుమా, వేరొకచోట వేయింతుమా అని ఆలోచించుచుండగా తెలిసినవారొకరు మరియొక ఉపాయము చెప్పిరి. బోరులోనికి రబ్బరు బిరడావంటి సాధనమును దింపి, దాని అడుగునకు నీటిని గొప్ప ఒత్తిడితో పంపినచో, రాతిలోని సన్నని చీలికలు విచ్చుకొని నీరు బావిలోనికి దిగునట. అట్లే చేయించితిమి. బావి పూర్వమువలె నిండలేదు గాని, ఇంటి అవసరములకు చాలినంత నీరు వచ్చినది.

ఇటీవలి కాలమున పత్రికలలో తరచుగా వినవచ్చు ‘ఫ్రాకింగ్’ అను పనికి మూలసూత్రము ఇదియే. అయితే మా బావిలో పంపినది శుద్ధమైన నీరు. దిగిన లోతు కొన్ని వందల అడుగులు. గ్యాసు కొరకు చేయు పని భూమిలో రెండు మూడు కిలోమీటర్ల లోతున జరుగును. అచ్చట గట్టి పలకరాతి పొరలలో గ్యాసు చిక్కుకొని యుండును. బావిని నిలువుగా దింపి, ఆపై అడ్డముగా త్రిప్పి, నీరు, ఇసుక, కొలదిగా రసాయనములు కలిపి మహాబలముతో పంపుదురు. రాయి చీలును. ఇసుక రేణువులు ఆ చీలికలు మరల మూసికొనకుండ ఆపును. గ్యాసు బయటికి వచ్చును. పంపిన దానిలో నూటికి 98 పాళ్లకు పైగా నీరు, ఇసుకయే. కాని ఒక్కొక్క బావికి లక్షల గాలనుల నీరు, కొన్నింటికి కోటి గాలనులకు మించియు కావలెను గనుక, మిగిలిన పాలు చిన్నదైనను లెక్కకు చిన్నది కాదు.

మారేడ్‌పల్లి క్రింద ఇట్టి గ్యాసు దొరకునా యని అడుగవలసిన పని లేదు. మనది రమారమి 250 కోట్ల ఏండ్ల నాటి నల్లసేనపు రాయి; అగ్నిలో పుట్టిన శిల. గ్యాసు పుట్టుటకు పూర్వకాలపు సముద్రములు, నదులు తెచ్చిపోసిన బురద, అందు కుళ్లిన జీవపదార్థము ఉండవలెను. అట్టి నేల తెలుగుదేశమున కృష్ణా గోదావరుల ముఖద్వారము. అమెరికా ప్రభుత్వపు ఇంధన సమాచార సంస్థ 2013లో ప్రకటించిన అంచనాలో భారతదేశమునందు పలకరాతి గ్యాసు ఉండదగిన నాలుగు ప్రాంతములను లెక్కించినది. అందు కృష్ణా గోదావరి ప్రాంతమొకటి.

ఆ సీమకు గ్యాసు క్రొత్తది కాదు. 1970ల చివరినుండి చమురు, సహజవాయు సంస్థ అచ్చట బావులు దింపుచున్నది. తాటిపాకలో చిన్న శుద్ధి కర్మాగారము వెలసినది. విజ్జేశ్వరము, జేగురుపాడు, కొండపల్లి విద్యుత్కేంద్రములకును, కాకినాడ ఎరువుల కర్మాగారమునకును ఆ గ్యాసే ఆధారమయినది. 2014 వరకు ఉమ్మడి రాష్ట్రముగా నున్నాము గనుక, మారేడ్‌పల్లి ఇండ్లలో వెలిగిన దీపములకు సైతము కోనసీమ గ్యాసు కొంత తోడ్పడినదని చెప్పుట అతిశయోక్తి కాదు. మనము ఆ ఋణమును మరవరాదు.

మండపేట వంటి చోట్ల గట్టి ఇసుకరాతి పొరలలో ఉన్న గ్యాసును తీయుటకును, కృష్ణా జిల్లా నాగాయలంక ప్రాంతపు బిగువైన పొరలనుండి చమురు తీయుటకును రాతిని చీల్చు పద్ధతి ఆవశ్యకమయినది. 2013 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము పలకరాతి గ్యాసు అన్వేషణకు ప్రభుత్వ సంస్థలకు అనుమతినిచ్చినది. కనుక ఈ ప్రశ్న ఎక్కడో అమెరికాకు సంబంధించినది కాదు. మన బంధువుల కొబ్బరితోటలకు, వరిచేలకు సంబంధించినది.

దీనివలన లాభము లేదా? తప్పక కలదు. దేశమునకు విదేశములనుండి కొనవలసిన ఇంధనము తగ్గును. రాష్ట్రమునకు రాయల్టీ వచ్చును. భూమి ఇచ్చిన రైతునకు కౌలుగా గాని, వెలగా గాని సొమ్ము ముట్టును. రోడ్లు పడును, లారీలు తిరుగును, భోజనశాలలు, అద్దె ఇండ్లు నిండును. అమెరికాలోని ఉత్తర డకోటా రాష్ట్రమున ఈ పనివలన పల్లెలు పట్టణములయినవి. అయితే చమురు ధర 2014 తరువాత పడిపోగా, అదే వేగముతో పనివారు వెడలిపోయిరి. హెచ్చిన అద్దెలు, కట్టిన ఇండ్లు, చేసిన అప్పులు మాత్రము ఊరివారికి మిగిలినవి. బావి దింపునపుడు వందలమందికి పని. అది పారుట మొదలిడిన పిమ్మట దానిని కనిపెట్టుటకు కొద్దిమంది చాలుదురు. ఈ సంగతిని ఊరివారికి ముందుగా ఎవరును చెప్పరు.

ఇక నష్టము మాట. మొదటిది నీరు. కోనసీమలో త్రాగు నీరు ఉప్పునీటిపై సన్నని పొరగా తేలుచుండును. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియయిన తరువాత కాలువల నీరు చేలలోనికి పారి, ఆ మంచినీటి పొరను నిలుపుచున్నది. గ్యాసు బావి ఈ పొరను చీల్చుకొనియే క్రిందికి దిగవలెను. బావిచుట్టు పోసిన సిమెంటు గట్టిగా నున్నంత కాలము భయము లేదు. అది బీటలు వారినచో ఆ ఊరికి వేరొక నీరు లేదు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2016లో వెలువరించిన నివేదికయు, కొన్ని పరిస్థితులలో ఈ పని త్రాగునీటిని చెరుపగలదనియే తేల్చినది. ప్రతిచోట చెరుపునని అనలేదు, చెరుపదనియు అనలేదు.

రెండవది, బావినుండి తిరిగి వచ్చు ఉప్పునీరు, రసాయనములు. వానిని ఎచ్చట పోయవలెను? ఓక్లహామా రాష్ట్రమున ఆ మురికినీటిని లోతైన బావులలోనికి పంపగా భూమి కంపించినది. 2016లో పానీ అను ఊరివద్ద వచ్చిన భూకంపము తీవ్రత 5.8. ఫ్రాన్సు 2011లోనే ఈ పద్ధతిని నిషేధించినది. ఇంగ్లండు 2019లో భూప్రకంపనల పిమ్మట నిలిపివేసినది. ఆ దేశములలో పొలములు విశాలములు, ఊళ్లు దూరదూరములు. కోనసీమలో ఒక ఊరి పొలిమేర దాటకముందే మరియొక ఊరి కొబ్బరిచెట్లు కనిపించును.

అయినను మన సీమలో ప్రాణహాని రాతిని చీల్చుటవలన రాలేదు. అంతకంటె సామాన్యమైన అజాగ్రత్తవలన వచ్చినది. 1995 జనవరి 8న పాశర్లపూడిలో బావి అదుపుతప్పి మంటలెగసినవి. విదేశీ నిపుణులు వచ్చి ఆర్పుటకు 65 దినములు పట్టినది. చుట్టుపట్ల వారు ఇండ్లు విడిచి పోవలసి వచ్చెను. 2014 జూన్ 27న తెల్లవారుజామున నగరము గ్రామములో గ్యాసు గొట్టము ప్రేలినది. నిద్రలో నున్నవారు, అప్పుడే లేచినవారు, ఇరువదిమందికి పైగా మరణించిరి. తేమ లేని గ్యాసు కొరకు వేసిన గొట్టములో తేమగల గ్యాసు పారుచుండినదనియు, ఆ తేమ గొట్టమును లోలోపల తినివేసినదనియు విచారణలో తేలినది. తేమ తీయు యంత్రమును సకాలమున అమర్చియుండినచో, ఆ ఉదయము నగరములో మామూలు ఉదయమే అయియుండెడిది.

పాత పద్ధతిలో తీసిన గ్యాసును కొంపోవు గొట్టమునే కాపాడలేకపోయినవారము, అంతకంటె కష్టమైన పనిని ఏ ధైర్యముతో చేపట్టగలము? ఈ ప్రశ్న అడుగుట అభివృద్ధికి అడ్డుపడుట కాదు.

లాభము పంచుకొనుటలో మరియొక చిక్కున్నది. నేలపై బావులనుండి వచ్చు రాయల్టీ రాష్ట్ర ప్రభుత్వమునకు, సముద్రములోని బావులనుండి వచ్చునది కేంద్రమునకు చెందును. బావి పక్కనున్న పంచాయతీకి హక్కుగా వచ్చు పాలు లేదు. 2015లో చట్టము సవరించి జిల్లా ఖనిజ ఫౌండేషనులను ఏర్పరచిరి. వానివలన సింగరేణి బొగ్గు గనులున్న జిల్లాలకు నిధులు చేరుచున్నవి. కాని ఆ గనుల చట్టమే చమురు, గ్యాసులను తన పరిధినుండి తప్పించినది గనుక, కోనసీమకు అది వర్తింపదు. 2013 కంపెనీల చట్టము ననుసరించి సంస్థలు సామాజిక బాధ్యతగా వెచ్చించు సొమ్ముతో బడులకు గదులు, నీటి ట్యాంకులు వచ్చుచున్నవి. అవి మంచివే. కాని దయతో ఇచ్చునది వేరు, హక్కుతో పుచ్చుకొనునది వేరు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రము 2012లో బావికింత యని రుసుము విధించి, అందులో పెద్ద భాగమును స్థానిక సంస్థలకు ఇచ్చుచున్నది. ఆ పద్ధతి మనకును అసాధ్యము కాదు.

ఇన్ని చూచిన మీదట మాకు తోచినది ఇది. బావి దింపుటకు ముందే చుట్టుపట్ల ప్రతి ఊరిలోను బావినీటిని పరీక్షించి, ఫలితమును పంచాయతీ గోడపై వ్రాయవలెను. ముందు నీరెట్లున్నదో తెలియనిచో, తరువాత చెడినదని ఏ రైతును నిరూపింపజాలడు. పంపు రసాయనముల పేర్లు తెలుగులో ప్రకటింపవలెను. గొట్టముల వయస్సు, పరీక్షించిన తేదీలు ఊరివారు అడిగినప్పుడు చూపవలెను. రాయల్టీలో ఒక పాలు గ్రామమునకు చట్టముచేత చెందవలెను. ఈ నాలుగును కుదిరిన పిమ్మట గ్రామసభ ఔనన్నచో పని సాగనిండు. కుదరనిచోట ఆగుటయే మేలు. భూమిలో నున్న గ్యాసు ఎక్కడికిని పోదు.

మా బోరుబావి పని జరిగినప్పుడు, పక్కింటివారు వచ్చి, మా బావిని విడదీసినచో వారి బావి ఎండునా యని అడిగిరి. పనివాని నిలిపి, వారి బావిలోని నీటిమట్టమును తాడు వేసి కొలిచి, పని ముగిసిన తరువాత మరల కొలిచి చూపితిమి. అది పెద్ద శాస్త్రము కాదు, ఇరుగుపొరుగు మర్యాద. కోనసీమలోని పల్లెలు అడుగుచున్నదియు అంతకంటె ఎక్కువ కాదు. వారి నేలనుండి వెలుగు పొందిన మనము, వారి పక్షమున ఆ మాట పలుకుట ధర్మము.