దిక్కునుబట్టి బాడుగ

అమెరికా ఉత్తర రాష్ట్రాలలో అక్టోబరు వచ్చేసరికి చలి మొదలవుతుంది. ఉద్యోగ విరమణ చేసిన వృద్ధ దంపతులు అనేకులు ఫ్లారిడాకు తరలిపోయి, వసంతంలో మళ్ళీ ఇల్లు చేరుకుంటారు. వారిని అక్కడ ‘హిమపక్షులు’ అంటారు. న్యూయార్కునుంచి మయామీ రెండువేల కిలోమీటర్ల పైమాట. ఆ వయస్సులో అంత దూరం కారు నడపడం శ్రమ గనుక, కారును లారీకెక్కించి తాము విమానంలో వెళ్ళేవారున్నారు.

ఆ లారీ బాడుగ కేవలం దూరాన్నిబట్టి ఉండదు. సంతకు సరుకు తోలే మన బండివాడు తిరుగు బాడుగ దొరుకుతుందా అని చూడడా? ఎనిమిది, తొమ్మిది కార్లను మోసే ఆ లారీవాని లెక్కా అదే. శరత్కాలంలో దక్షిణానికి పోయేటప్పుడు చోటుకోసం పోటీ. తిరిగి వచ్చేటప్పుడు సరుకు కరవు. అందుచేత ఒకే రోడ్డుమీద, ఒకే మాసంలో, పోవడానికి ఒక ధర, రావడానికి మరొక ధర. మార్చి, ఏప్రిలు మాసాలలో ఇది తారుమారవుతుంది. జనవరిలో సాధారణంగా గిరాకీ తగ్గినా, మంచు తుపాను వస్తే కారు ఏనాటికి చేరుతుందో!

వర్జీనియాలోని లోర్టన్‌నుంచి ఫ్లారిడాలోని శాన్‌ఫర్డ్‌కు మనుషులనూ కార్లనూ కలిపి చేరవేసే రైలొకటి ఉన్నది. 1983నుంచి ఆమ్‌ట్రాక్ సంస్థ నడుపుతున్నది. అక్కడా కాలాన్నిబట్టి ఛార్జీ మారుతుంది.

పింఛనుమీద బ్రతికేవారు సహజంగానే తక్కువ ధరకు ఆశపడతారు. కాని రద్దీ రోజులలో మరీ తక్కువ చెప్పిన దళారికి లారీలు దొరకవు. కారు వాకిట్లోనే ఉండిపోతుంది. దాని యజమాని మయామీలో బస్సుకోసం నిలబడతాడు.