ప్రయాణంలో పాట రికార్డింగుకి ల్యాప్‌టాప్

హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తూ, సెలవు దొరికితే ఊళ్లు తిరుగుతూ పాటలు రికార్డు చేసుకునేవాళ్లకి లక్ష రూపాయల యంత్రం అక్కర్లేదు. ఐటీ ఆఫీసులు కొన్నేళ్లు వాడి మార్చేసిన థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్ లాంటి ల్యాప్‌టాప్‌లు బాగుచేసి అమ్ముతుంటారు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, మనం సీటీసీ అంటామే, ఇలాంటి బేరాలకు పాత చిరునామా.

ప్రాసెసర్ ఇంటెల్‌దైతే ఎనిమిదో తరం, లేదా ఆ తర్వాతది చూసుకోండి. అంతకన్నా పాతవాటిలో దాదాపు దేన్నీ విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ర్యామ్ 16 జీబీ ఉంటే నిశ్చింత. పాత హార్డ్‌డిస్క్ వద్దు. ఎస్‌ఎస్‌డీ చప్పుడు చెయ్యదు, బస్సు కుదుపులకీ తట్టుకుంటుంది. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో స్టీరియో రికార్డింగుకి గంటకి సుమారు ఒక జీబీ పడుతుంది కాబట్టి 512 జీబీ చాలు.

చాలామంది పట్టించుకోనిది ఫ్యాన్ రొద. దుకాణంలోనే పది నిమిషాలు వీడియో ఆడించి, చెవి దగ్గర పెట్టుకుని వినండి. లాడ్జి గదిలో పాడుతుంటే ఆ రొద గొంతుతోపాటే మైకులోకి వెళ్తుంది, తర్వాత విడదీయడం చాలా కష్టం. కొన్నిసార్లు ఛార్జరు వల్ల కూడా గుయ్‌మనే శబ్దం వస్తుంది. ఛార్జరు తీసేసి బ్యాటరీ మీద రికార్డు చేస్తే అది పోతుంది. అందుకే బ్యాటరీ సత్తా ఎంత మిగిలిందో విండోస్ బ్యాటరీ రిపోర్టు తీయించి చూడండి.

మిగిలిన డబ్బు మంచి మైకు మీద, ఆడియో ఇంటర్‌ఫేస్ మీద పెట్టండి. బిల్లు, వారంటీ చేతికి రాకుండా మాత్రం దుకాణం దాటకండి.