కొండకు పోయేముందు ఇంట్లో చెప్పవలసిన మాట
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను అటవీశాఖలో పనిచేసి రిటైరైన వాడిని. అందుచేత, కార్తీక వనభోజనాలకు ముందు కొండల్లో తీసుకోవలసిన జాగ్రత్తలు చెప్పమని కార్యదర్శి గారు ఆజ్ఞాపించారు. సర్వీసులో ఉన్నన్నాళ్ళు మనకు సెలవు దొరికేది కాదు. ఇప్పుడు అన్నీ సెలవులే. మనవళ్ళను వెంటబెట్టుకొని గండికోటకో, వేంపల్లె దగ్గరి గండి క్షేత్రానికో బయలుదేరుతున్నాము. సంతోషం. అయితే మనతో వచ్చే పిల్లలకు కొండ కొత్త, మనకు వయసు కొత్త. ఈ రెండూ గుర్తుంచుకోవాలి.

పులివెందుల పేరులోనే పులి ఉంది. కాని మన గుట్టల్లో మనిషికి ఆపద తెచ్చేవి ఎండ, వాగు, పాము, దారి తప్పడం. వీటన్నిటికీ తోడు 'మన ఊరి గుట్టే కదా' అనే ధీమా.

మొదటి జాగ్రత్త ఇంట్లోనే ఉంది. ఎక్కడికి పోతున్నాము, ఏ దారిన, ఎందరము, ఎన్ని గంటలకు తిరిగి వస్తాము అన్నది కాగితం మీద రాసి ఇంట్లో ఇవ్వండి. అడవి మనిషిని ఎంతగా దాచేస్తుందో మన జిల్లావారికి వేరే చెప్పనక్కరలేదు. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు ప్రయాణిస్తున్న హెలికాప్టరు నల్లమలలో కూలిపోయింది. వైమానిక దళం విమానాలతో సహా ప్రభుత్వ యంత్రాంగమంతా వెదకినా ఆచూకీ దొరికింది మరునాటి ఉదయమే. అంతటి వారి కోసం అంత వెదుకులాట జరిగితేనే అలా ఉంది. మనము ఎటు పోయామో ఇంట్లో తెలియకపోతే వెదికేవారు ఎక్కడని మొదలుపెడతారు?

రెండవది వాగు. పెన్న, పాపాఘ్ని రెండూ కర్ణాటకలో పుట్టి మన దగ్గరకు వస్తున్నవి. ఇక్కడ ఎండ కాస్తున్నా, పైన వాన కురిసినా, గేట్లు ఎత్తినా నీరు వచ్చిపడుతుంది. 2021 నవంబరు 19, కార్తీక పౌర్ణమి నాడు రాజంపేట దగ్గర చెయ్యేరుపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఎన్ని ఇండ్లలో దీపాలు ఆరిపోయాయో మనకు తెలుసు. కనుక ఇసుకలో పొయ్యి పెట్టవద్దు, గట్టు మీద పెట్టండి. నీటి రంగు మారి, చెత్తాచెదారం కొట్టుకొస్తుంటే సామాను వదిలి ఎత్తుకు ఎక్కండి. గండికోట లోయ అంచు దాదాపు 300 అడుగుల ఎత్తున ఉంటుంది. ఫొటోల కోసం దాని దగ్గరకు పోనివ్వకండి. బండలకు తేనెపట్టులున్న చోట పొగ పెట్టకండి.

మూడవది ఎండ. మనిషికి కనీసం రెండు లీటర్ల నీరు ఉండాలి. సగం అయిపోతే, చూడవలసింది ఎంత మిగిలినా వెనుదిరగండి. ఓ.ఆర్.ఎస్. పొట్లాన్ని దానిపై రాసినంత నీటిలోనే కలపండి. పొట్లం లేకపోతే లీటరు మంచినీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా అంటే చిన్న చెంచా, తలగొట్టి కొలవాలి. ఒళ్ళు కాలిపోతూ మాట తడబడితే అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒళ్ళంతా తడిపి, విసురుతూ 108కి ఫోను చేయండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్ళు పోయకండి. షుగరు ఉన్నవారు జేబులో చక్కెర బిళ్ళలు ఉంచుకోండి, మాత్రలు మరవకండి.

నాలుగవది పాము. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. ఈ నాలుగింటి విషానికీ పనిచేసే మందు ఒకటే, అది ఆసుపత్రిలోనే ఉంటుంది. కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం, పసరు పోయడం వద్దు. ఉంగరాలు, గడియారం తీసేసి, కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి తీసుకుపోండి. పామును పట్టుకోవడానికి కాలయాపన చేయవద్దు.

చివరిది, దారి తప్పడం. తప్పామని అనుమానం రాగానే నిలబడండి, కూర్చోండి. తొందరపడి నడిచేకొద్దీ వెదికేవారికి దూరమవుతాము. ఈల మూడుసార్లు ఊది, కాసేపు ఆగి, మళ్ళీ మూడుసార్లు ఊదండి. గొంతు అరగంటకే బొంగురుపోతుంది, ఈల పోదు. ఎర్రని తువ్వాలు కంటికి కనపడేచోట పరవండి. మీ కంపెనీ సిగ్నలు లేకపోయినా, మరో కంపెనీ సిగ్నలు ఉంటే 112కు కాల్ పోతుంది. ఫొటోలకే బ్యాటరీ ఖర్చు చేయకండి. చీకటి పడితే అక్కడే ఉండిపోవడం మంచిది. ఎండు గడ్డిలో మంట మాత్రం వేయవద్దు. రిజర్వు ఫారెస్టులో అది నేరం, పైగా మనకే ముప్పు.

ఒక చిన్న ప్రతిపాదనతో ముగిస్తాను. ఈసారి వనభోజనానికి సంఘం తరఫున ఒక నోటుపుస్తకం, పిల్లలకు తలా ఒక ఈల కొనాలి. బస్సు దిగేటప్పుడు పేర్లు రాసి, ఎక్కేటప్పుడు పేరు పేరునా పిలవాలి. ముప్పై యేండ్లు హాజరుపట్టీలో సంతకం పెట్టినవారమే కదా, ఇంకొక్క రోజు పెడదాము. అందరి పేర్లూ పలికిన తరువాతే బస్సు కదలాలి.