ఇద్దరూ కన్నబిడ్డలే అయినప్పుడు

(కార్తీక మాసంలో ఆలయ ప్రాంగణంలో జరిగిన భారత ప్రవచనాలలో ఒకనాటి ప్రసంగ పాఠం)



ఈనాటి కథాభాగం ఆదిపర్వంలోని ప్రమాణకోటి ఘట్టం. పాండురాజు మరణానంతరం కుంతీదేవి అయిదుగురు పిల్లలతో శతశృంగం నుండి హస్తినాపురం చేరింది. అక్కడ నూట అయిదుగురు బాలురు ఒకే ఇంట పెరిగారు. వారిలో ఒకడు మరొకనికి అన్నంలో కాలకూట విషం కలిపి, స్వహస్తాలతో తినిపించి, స్పృహ తప్పిన వానిని తీగలతో బంధించి గంగలోకి త్రోసివేశాడు. మనం భారతకథను కురుక్షేత్రం వైపు నుండి వెనుకకు చూస్తాము గనుక దీనిని రాజ్యం కోసం జరిగిన తొలి కుట్ర అని చెప్పుకొని ముందుకు సాగిపోతాము. కాని ఆనాటికి వారు జలక్రీడలకని ఏటి ఒడ్డుకు వెళ్ళిన పిల్లలు. మన భాషలో పెదతండ్రి బిడ్డలను, పినతండ్రి బిడ్డలను కూడా అన్నదమ్ములనే అంటాము. అలా చదివితే ఇది ఒక ఇంటిలో జరిగిన సంగతి.

అంతకు ముందు జరిగినదానిని కూడా వ్యాసభగవానుడు దాచలేదు. భీముడు కౌరవులను జుట్టు పట్టి ఈడ్చేవాడు. నీళ్ళలో పది మందిని ఒక్కసారిగా పట్టి ముంచేవాడు. వారు పండ్ల కోసం చెట్టెక్కితే కాలితో ఆ చెట్టును తన్నేవాడు. పండ్లతో పాటు పిల్లలూ రాలేవారు. ఇది ద్రోహబుద్ధితో చేసినది కాదు, బాల్యచాపల్యం అని వ్యాసుడే తీర్పు చెప్పాడు. ఆ తీర్పును శిరసావహిస్తాను. అయినా మోకాలు చీరుకుపోయిన పిల్లవానికి ఆ తీర్పు వలన ఒరిగినదేమీ లేదు. భీష్మాది పెద్దలందరూ ఉన్న ఇల్లది. ‘‘చాలు నాయనా, దిగనీ వాళ్ళను’’ అని ఒక్కరైనా అన్నట్లు కథలో కనబడదు.

అల్లరికీ హింసకూ నడుమ గీత ఎక్కడ ఉందని తల్లిదండ్రులు అడుగుతూ ఉంటారు. అల్లరి పదిమంది ఎదుట జరుగుతుంది, ఇవాళ కొట్టినవాడు రేపు దెబ్బ తింటాడు, సాయంత్రానికి ఇద్దరూ ఒకే కంచంలో తింటారు. హింస చాటున జరుగుతుంది. ఎప్పుడూ ఒకరే చేస్తారు, ఎప్పుడూ ఒకరే భరిస్తారు. ‘‘అమ్మకు చెప్పావో’’ అన్న బెదిరింపు దానికి కాపలా కాస్తుంది. బిడ్డ శరీరం మీద తోబుట్టువే చేయకూడని చేష్ట చేస్తే అది ఏ వయస్సులోనూ ఆట కాదు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2007లో 13 రాష్ట్రాలలో 12,447 మంది పిల్లలను విచారించి ఒక నివేదిక వెలువరించింది. మన రాష్ట్రం కూడా అందులో ఉంది. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపునకు గురయ్యామని సగానికి పైగా పిల్లలు చెప్పారు. వారిలో అత్యధికులు ఆ సంగతి ఎవరికీ చెప్పనే లేదు. దేవాలయంలో ఈ మాట ఎందుకని కొందరికి అనిపించవచ్చు. ఇక్కడికి వచ్చేవారు ఇళ్ళ నుండే వస్తారు కదా!

కథకు వద్దాము. పిల్లలు తిరిగి వచ్చారు. భీముడు ముందే వచ్చాడేమోనని ధర్మరాజు తల్లిని అడిగాడు. తాను చూడలేదనీ, వెంటనే వెదకమనీ చెప్పింది కుంతి. ఆ తరువాత విదురుణ్ణి పిలిపించి తన అనుమానాన్ని చెప్పింది. అలా పైకి అనవద్దు, అంటే దుర్యోధనుడు మిగిలినవారినీ బ్రతకనివ్వడు, ఉన్న పిల్లలను కాపాడుకో అన్నాడు విదురుడు. నాగలోకంలో విషం విరిగి, ఎనిమిది దినాలు నిద్రించి భీముడు తిరిగి వచ్చి జరిగినదంతా చెప్పాడు. ధర్మరాజు కూడా మాట్లాడవద్దనే అన్నాడు.

విదురనీతి అంటే మనకు వేదవాక్కు. కాని ఆ సలహా ఎవరికి ఇచ్చినదో గమనించాలి. భర్త లేని స్త్రీ, పరాధీనమైన ఇంట నివాసం, విషం పెట్టినవాని తండ్రే రాజు. ఫిర్యాదు చేయడానికి ఆమెకు చోటు లేదు. ఆ దిక్కులేనితనానికి చెప్పిన ఉపాయాన్ని, అన్ని దిక్కులూ ఉన్న మనం ఆదర్శంగా తీసుకొని ‘‘ఇంటి గుట్టు’’ అంటున్నాము. పైగా ఆ మౌనం దేనినీ ఆపలేదు. మరల విషాన్నమే పెట్టారు, పిమ్మట లక్క ఇల్లు, పిమ్మట జూదం. ఆ రెండవ విషం సంగతి పాండవులకు చెప్పినవాడు యుయుత్సుడు; దుర్యోధనునికి సవతి సోదరుడు, ధృతరాష్ట్రుని బిడ్డే. ఆ ఇంటిలో నోరు తెరచినవాడు అతడు.

ఒకనాడు ప్రవచనం ముగిశాక ఒక తల్లి వచ్చి నిలబడింది. కుమారుడు తన చెల్లెలి పట్ల ఏళ్ళ తరబడి చేసినది కూతురు ఇటీవలే చెప్పిందట. ‘‘గురువుగారూ, ఏ శాంతి చేయించమంటారు? ఇద్దరూ నా కడుపున పుట్టినవాళ్ళే. నేను ఎవరి తల్లిని?’’ అని అడిగింది. అమ్మా, ఇది గ్రహదోషం కాదు, శాంతితో పోయేది కాదు అని చెప్పాను. దానికై సొమ్ము తీసుకొని హోమం చేసే పురోహితుడు ధర్మం తప్పినట్లే అని నా అభిప్రాయం. బిడ్డ మాటను నమ్మావా అని అడిగాను. నమ్మాను అంది. అయితే ‘‘ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు’’ అని మాత్రం అడగకమ్మా. అది ప్రశ్న కాదు, నింద అన్నాను. వారిద్దరినీ ఒకే కప్పు క్రింద ఉంచవద్దనీ, కూతురు కోరనిదే కొడుకు చేత క్షమాపణ చెప్పించవద్దనీ చెప్పాను. రాఖీ కట్టమని, భగినీహస్త భోజనానికి వడ్డించమని ఆ పిల్లను బలవంతపెట్టడం రెండవసారి హింసించడమే.

బాధిత బిడ్డకు 18 సంవత్సరాలు నిండకపోతే ఇది కేవలం ఇంటి నిర్ణయం కాదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవారు ఎవరైనా పోలీసులకు తెలియజేయవలసిందే. పరువు పోతుందని భయపడేవారు ఒకటి తెలుసుకోవాలి: బిడ్డ పేరు బయట పెట్టరాదని ఆ చట్టమే శాసించింది. బిడ్డ ఇంటికే వచ్చి, యూనిఫాం లేకుండా, వీలైనంతవరకు మహిళా అధికారియే వాంగ్మూలం తీసుకోవాలి. తప్పు చేసినవాడు కూడా మైనరే అయితే విషయం బాలల న్యాయ మండలి ముందుకు వెళుతుంది. అక్కడ దృష్టి సంస్కరణ మీదనే. పిల్లల కోసం 1098, మనోవేదనకు 14416 అనే ఉచిత ఫోన్ నంబర్లు ఉన్నాయి. రెండవది తల్లిదండ్రులకు కూడా. ‘‘నా కళ్ళ ఎదుటే జరుగుతుంటే నేనెలా చూడలేదు’’ అని రాత్రులు నిద్ర లేక గడిపే తల్లికి వైద్యం అవసరమే. అది అవిశ్వాసం కాదు.

ఇక ‘‘ఎవరి తల్లిని’’ అన్న ప్రశ్న. దానికి నాకు గాంధారి కనబడుతుంది. నిండు సభలో ఆమె దుర్యోధనుణ్ణి మందలించడంతో సరిపెట్టలేదు; కొడుకు పాపబుద్ధి తెలిసీ అతని వెంట నడచిన తప్పు నీదేనని భర్తనూ నిలదీసింది. యుద్ధానికి వెళుతూ కొడుకు దీవించమంటే జయం కలగాలని అనలేదు. ధర్మమున్న వైపే జయమంది. అదే కొడుకు శవం మీద పడి మూర్ఛపోయింది. ప్రేమ తగ్గలేదు, దీవెన మాత్రం ఇవ్వలేదు. తప్పు చేసిన కొడుకునకు అన్నం పెట్టవచ్చు, చికిత్సకు తీసుకువెళ్ళవచ్చు, న్యాయస్థానం మెట్ల మీద అతని ప్రక్కన కూర్చోవచ్చు. ‘‘ఏమీ జరగలేదు’’ అని మాత్రం అనకూడదు.

కుంతి జీవితంలో ఇంకొక మౌనం ఉంది. అస్త్రవిద్యా ప్రదర్శనలో కర్ణార్జునులు ఎదురెదురుగా నిలిచినప్పుడు ఆమె మూర్ఛపోయింది, మాట్లాడలేదు. యుద్ధం ముగిసి, తర్పణాలు విడిచే వేళ కర్ణుడు మీ అన్న అని చెప్పింది. అప్పుడు ధర్మరాజు పడిన వేదన శాంతిపర్వం ఆరంభమంతా నిండి ఉంది. బిడ్డ ఒకనికి జరిగిన అన్యాయం దాచిపెడితే మిగిలిన బిడ్డలు కూడా దానిని మోయవలసి వచ్చింది.

చివరకు కుంతి రాజ్యం దక్కిన కుమారుల వద్ద ఉండలేదు. గాంధారీ ధృతరాష్ట్రుల వెంట అడవికి వెళ్ళింది. విషం తిన్నవాని తల్లి, విషం పెట్టినవాని తల్లి చేయి పట్టుకొని నడిచింది. ఆ నడక ఎలా సాధ్యమైందో ఆశ్రమవాస పర్వంలో రేపు చూద్దాము.

స్వస్తి.